ఎడమ కాలు, కుడి మూల

మా జట్టులో పదకొండు మంది ఉండేవాళ్ళు కాదు,
పదకొండు సున్నాలుండేవి.
నల్లబల్ల మీద నాలుగు, నాలుగు, రెండు.
అన్నిటికీ వెనక ఒంటరిగా ఒకటి, గోలీ.
దైవసహాయం మాస్టారు గీస్తే
అవి ఎంత గుండ్రంగా వచ్చేవంటే
చెరపడానికి డస్టరుకే మనసొప్పేది కాదు.

నాది ఎడమ కాలు.
గుమ్మం దాటేప్పుడు ముందు పడుతోందని
నాయనమ్మ గిచ్చిన కాలు.
బంతి మాత్రం దాన్నే నమ్మేది.
నరసాపురం రేవు పక్క ఇసకలో
తట్టల సందుల్లోంచి తోసుకుంటూ
ఎండబెట్టిన మెత్తళ్ళలో ఒక్కదాన్నీ తొక్కకుండా
ఆ చివరికి పట్టుకుపోయేవాణ్ణి.
మాస్టారు చూశారు. భుజం తట్టారు.
"కుడి బ్యాకు ఖాళీగా ఉందిరా" అన్నారు.

కొప్పనాతి పోలయ్య
ఎంతమంది చుట్టుముట్టినా మలుగుపాములా జారిపోతాడు.
వాణ్ణి గోలుకి కాపలా పెట్టారు, పొడుగ్గా ఉన్నాడని.
బేకరీ వాళ్ళ ఖాదర్ బాషా అడ్డం నిలబడితే
దూడ కూడా దాటి పోలేదు.
వాడు ఫార్వర్డు. ఎందుకంటే
పై రెండు సున్నాల్లో ఒకటి మిగిలింది.
ఏలీషా ఒక్కడే తన చోట తనున్నాడు, బెంచీ మీద.
వాడికి ఆట రాదు
నిమ్మకాయలు సమంగా కొయ్యడం వచ్చు.

అడగలేదా అంటే, అడిగాం.
"పోయి కాలవకి చెప్పరా,
నీకు నచ్చిన చేలోకి పారమని.
లాకు ఎత్తినప్పుడే, ఎత్తిన వైపే."
డెల్టాలో పుట్టినవాళ్ళం, ఏమంటాం?
శివారు చేలకి నీళ్ళందవని
మా అందరి ఇళ్ళల్లోనూ తెలుసు.
అయినా ఏమీ అనలేదు.

రాజోలులో ఆట.
దాళ్వా కోసిన చేను, అరికాళ్ళలో వరి మోళ్ళు.
వాళ్ళవి రెండు. మావి లేవు.
కుడి గీత పక్కన బంతి నా దగ్గరికొచ్చింది.
నా కుడి కాలు దాన్ని
తప్పిపోయిన ఎవరి పిల్లో అన్నట్టు చూసింది.
అప్పుడు వదిలేశాను నా సున్నాని.
పంటు ఏటికి అడ్డం పడ్డట్టు
ముక్కు కాస్త ఎగువకి పెట్టి
చేనంతా ఏటవాలుగా కోసుకుంటూ
ఎడమ మూలకి.
అక్కణ్ణుంచి ఎడమ కాలితో
ఒక్కటంటే ఒక్కటి లేపాను.
ఖాదర్ ఉండాల్సిన చోటే పడింది బంతి.

ఖాదర్ లేడు.
నా మూల ఖాళీ అయిందని చూసి
పాత ప్రాణం ఊరుకోక
వెనక్కి, మా గోలు వైపుకి పరిగెడుతున్నాడు.
అందలేదు. ఆ మూలనించే కొట్టారు మూడోది.

సఖినేటిపల్లి రేవులో పంటెక్కాం.
ఏలీషా మిగిలిన నిమ్మచెక్కలు
ఒక్కొక్కటే ఏట్లోకి విసురుతున్నాడు.
మాస్టారు ఇంజను పక్కన కూలబడి
జేబులోంచి జట్టు కాయితం తీశారు.
తిట్లు ముందే తినేస్తే పోతుందని
పోయి పక్కన నిలబడ్డాను.
ఆయన కాయితం వెనక్కి తిప్పారు.
చుక్కాని పట్టుకున్న ముసలాయన చెయ్యి
నరాలతో సహా, గోటి కింద గ్రీజుతో సహా
దిగుతోంది కాయితం మీదకి.
పెన్సిలు ఎక్కడా తడుముకోలేదు.
నేనలా చేతికేసి చూస్తూ ఉంటే
తలెత్తకుండానే అన్నారు:
"డ్రాయింగు మాస్టారు పోస్టు లేదన్నార్రా.
డ్రిల్లు ఒక్కటే ఖాళీ."

అవతలి ఒడ్డున దీపాలు దగ్గరయ్యాయి.
కాయితం నాలుగు మడతలు పెట్టి
జేబులో దాచేసుకున్నారు,
మా పదకొండు సున్నాల వీపున ఆ చెయ్యి.

మర్నాడు సాయంత్రం నల్లబల్ల మీద
నాలుగు, నాలుగు, రెండు.
కుడి మూల నాదే.
ఆ సున్నా ఎక్కడైనా
పిసరంత వంకర పోయిందేమోనని
దగ్గరికెళ్ళి మరీ చూశాను.

లేదు. గుండ్రంగానే ఉంది.